కిటికీ అవతలి మాను

పెన్సిల్వేనియాలో ఒక శివారు ఆసుపత్రి. రెండు, మూడు అంతస్తుల్లో ఆపరేషన్ అయినవాళ్ల గదులు. మంచం, బల్ల, కిటికీ అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే. తేడా అల్లా కిటికీ అవతలే. కొన్నిటిలోంచి చూస్తే చెట్ల గుబురు. కొన్నిటికి ఎదురుగా గోధుమరంగు ఇటుక గోడ, అంతే. ఏ గది ఖాళీ అయితే ఆ గదికి రోగిని పంపేవారు కాబట్టి, ఎవరికి చెట్టు దక్కుతుంది, ఎవరికి గోడ దక్కుతుంది అన్నది ఎవరి అదృష్టం వాళ్లది.

రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఆ ఆసుపత్రి దస్త్రాలు తిరగేశాడు. 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం తీయించుకున్నవాళ్లలో 46 మందిని ఏరి, వయసు, బరువు, పొగతాగే అలవాటు లాంటివి సరిపోయేలా 23 జంటలు కట్టాడు. జంటలో ఒకరిది చెట్టు గది, ఇంకొకరిది గోడ గది. ఆకులు రాలిపోయాక చెట్టుకీ గోడకీ పెద్ద తేడా ఉండదు కదా! అందుకని మే 1కీ అక్టోబరు 20కీ మధ్య ఆపరేషన్ అయినవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాడు. చెట్టు వైపు పడుకున్నవాళ్లు సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గోడ వైపు వాళ్లు 8.70 రోజులు. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా గోడ వైపు వాళ్లకి ఘాటైన నొప్పి మందులు ఎక్కువ పడ్డాయి. రోగి దిగులుగా ఉంది, ఏడుస్తోంది అని నర్సులు రాసిపెట్టుకున్న ముక్కలు గోడ గదుల్లో మనిషికి 3.96 ఉంటే, చెట్టు గదుల్లో 1.13. 1984లో సైన్స్ పత్రికలో రెండు పేజీల్లో అచ్చయిన ఈ వ్యాసం ఆ తరవాత ఎన్నో ఆసుపత్రుల నమూనాలను మార్చింది.

తెలుగులో మాను అంటే చెట్టు. గాయం మానడమూ మానడమే. ఈ రెండు మాటలకీ చుట్టరికం ఉందని నేననను గాని, ఉల్రిచ్ వ్యాసం చదివినప్పుడల్లా నాకు ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి.

46 మంది అంటే చిన్న లెక్క. ఒకే ఆసుపత్రి. చెట్టు మేలు చేసిందా, గోడ కీడు చేసిందా అన్నది కూడా అందులోంచి తేలదు. ఆ సంగతి ఉల్రిచ్‌కీ తెలుసు. అందుకే ఆ రెండు పేజీల్లోనే ఇంకో మాట కూడా అన్నాడు: చాలాకాలంగా మంచం పట్టి విసిగిపోయిన రోగికి చెట్ల కంటే జనంతో కళకళలాడే వీధే ఎక్కువ మేలు చేయవచ్చు. చెట్టు గురించి అందరూ చెప్పుకున్నారు. వీధి సంగతి దాదాపు అందరూ మరిచిపోయారు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి కావలసింది ఆ రెండో మాటే.

ఎందుకంటే ఆసుపత్రి కిటికీ రోజులు చాలామటుకు పోయాయి. 1980ల చివర్లో కడుపు మీద చిన్న రంధ్రాలు పెట్టి పిత్తాశయం తీసే పద్ధతి అమెరికాలోకి వచ్చింది. అప్పట్లో వారం పైగా పడుకోబెట్టిన ఆపరేషన్‌కి ఇప్పుడు పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంట్లో దింపుతున్నారు. మోకాలి కీలు మార్చినవాళ్లలో కూడా చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరుతున్నారు. కోలుకోవడం అనే పని మొత్తం ఇంటికి బదిలీ అయింది. ఆ ఇల్లు ఎడిసన్, ఫ్రిస్కో లాంటి అమెరికా ఊళ్లో ఉంటే కిటికీలోంచి కనబడేదేమిటి? కత్తిరించిన పచ్చిక, ఎదురింటి గరాజు తలుపు. ఎనిమిదింటికి కార్లన్నీ వెళ్లిపోతాయి. మధ్యాహ్నం ఉత్తరాల బండి. మూడున్నరకి పసుపు రంగు స్కూలు బస్సు. మధ్యలో నరమానవుడు కనబడడు. కొడుకు మీటింగుల్లో ఉంటాడు, కోడలు ఆఫీసులో ఉంటుంది, కట్టు కట్టిన మోకాలితో నాన్నగారు గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు.

ఊళ్లో అయితే అరుగు ఉండేది. అంతకు మించి పరామర్శ ఉండేది. బత్తాయిలో, హార్లిక్స్ సీసానో పట్టుకుని వచ్చినవాళ్లు ఊరికే వెళ్లరు. తమ బావమరిదికి ఇదే ఆపరేషన్ అయి ఏమేం వికటించిందో సవిస్తరంగా చెప్పి, మంచం మీది మనిషి రంగు మారాక లేస్తారు. అది బాధే. కానీ రోజుకి నలుగురు వచ్చి ఎలా ఉంది అని అడిగితే నలుగురికీ చెప్పాలి, చెప్పాలంటే నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూసుకోవాలి. కోలుకోవడానికి అదొక దినచర్య. ఇక్కడ వారాంతానికి వాట్సాప్ గుంపులో వంతులేసుకుని డబ్బాల్లో సాంబారూ కూరలూ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తారు. తిండికి లోటుండదు, మాటకే కరువు.

ఉద్యోగం చేసేవాళ్ల తొందర ఇంకో రకం. 1993లో వచ్చిన కుటుంబ వైద్య సెలవు చట్టం 50 మందికి తక్కువ కాకుండా ఉన్న సంస్థల్లో, అర్హత ఉన్న ఉద్యోగికి ఏడాదికి 12 వారాలు ఉద్యోగం పోకుండా కాపాడుతుంది. జీతం మాత్రం ఇప్పించదు. జీతం లేని సెలవులో ఓపిక పట్టమంటే ఎవరు పడతారు?

అయితే గాయానికి మన జీతాలతో పని లేదు. కోత పడిన నిమిషాల్లోనే నెత్తురు గడ్డకడుతుంది. తరవాత తెల్లకణాలు దిగుతాయి. చుట్టూ ఎర్రబడి, వెచ్చబడి, కాస్త వాచేది అప్పుడే. మొదట్లో ఆ మాత్రం ఎరుపు శుభ్రం చేసేవాళ్లు పనిలోకి దిగారనడానికి గుర్తు. అది తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పాకుతుంటే, జ్వరం తోడైతే, అప్పుడు వెంటనే డాక్టరుకి ఫోను చేయాలి. కొన్నాళ్లకి కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు నేత మొదలవుతుంది. ఏటిగట్టు తెగినప్పుడు ఊరంతా పరుగెత్తి ముందు ఇసుక బస్తాలు వేస్తుంది, వరద తీశాక నిదానంగా రాతికట్టు కడుతుంది. ఒళ్లు చేసేదీ అదే. ముందు సన్నటి పోగులతో హడావుడిగా అల్లేసి, తరవాత నెలల తరబడి వాటిని విప్పుతూ దిట్టమైన పోగులతో మళ్లీ నేస్తుంది. వారం తిరిగేసరికి ఆ చోటు బలం మామూలు చర్మంలో దాదాపు 3 శాతం. మూడు వారాలకి సుమారు 20 శాతం. మూడు నెలలకి 80 శాతం దగ్గరకి వస్తుంది. తరవాత ఎన్నేళ్లు గడిచినా నూటికి నూరు కాదు.

ఈ అంకెల్లో ఒక మోసం దాగి ఉంది. నొప్పి తగ్గే వేగం వేరు, బలం వచ్చే వేగం వేరు. రెండో వారానికి మనిషి తేలికపడతాడు, కుట్లు దురద పెడుతుంటాయి, దురద పెడితే మానుతున్నట్టే అని ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. సరిగ్గా అప్పుడే ఎవరూ చూడకుండా బియ్యం బస్తా జరపబోతాడు. అమెరికా డాక్టర్లు ఈ ప్రమాదాన్ని పాల డబ్బాతో కొలుస్తారు: గాలన్ పాల డబ్బా కంటే బరువైనది ఎత్తొద్దంటారు. అది నాలుగు కిలోలకు ఓ పిసరు తక్కువ. అంటే మనవడిని ఎత్తుకోకూడదు. ఆ మాట అలా విడమరిచి చెబితే గాని చాలామంది అమ్మమ్మలకి అర్థం కాదు, అర్థమయ్యాక ఒప్పుకోరు.

ఇక్కడ ఒక పక్కదారి. కుట్లు మానేదాకా పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది అన్న మాట గోదావరి దాటి, అట్లాంటిక్ దాటి న్యూజెర్సీ వంటిళ్లలోకి కూడా వచ్చేసింది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. వాటితో పోరాడి చచ్చిన తెల్లకణాల కుప్పే చీము. పప్పుకీ దానికీ సంబంధం లేదు. పైగా కొల్లాజెన్ నేయడానికి మాంసకృత్తులు కావాలి, విటమిన్ సి కావాలి. మాంసం ముట్టని ఇంట్లో పప్పు కూడా మాన్పించి చారన్నంతో సరిపెడితే నేతగాడికి నూలు అందకుండా చేసినట్టే. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, నిమ్మకాయ పిండిన పప్పన్నం ఆ వేళకి తగిన తిండే.

గాయాన్ని తొందరపెట్టలేం. ఆలస్యం మాత్రం చేయగలం, అదీ మనసుతో. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో దీన్ని కొలిచి చూసింది. మతిమరుపు జబ్బుతో ఉన్న అయినవాళ్లకి ఏళ్లతరబడి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్లని, అలాంటి బరువు లేని మరో 13 మందిని తీసుకుని, అందరి చేతి మీదా 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. రెండో గుంపుకి అది మానడానికి 39.3 రోజులు పట్టింది. సేవ చేసేవాళ్లకి 48.7. తరవాత దంతవైద్య విద్యార్థుల అంగిట్లో అలాంటి గాయమే రెండుసార్లు చేశారు, ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షకి మూడు రోజుల ముందు. పరీక్షల గాయం మానడానికి 40 శాతం ఎక్కువ కాలం పట్టింది. అవే నోళ్లు, అదే సైజు గాయం! దిగులు పడ్డప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ లాంటి రసాయనాలు, శుభ్రం చేయడానికి దిగాల్సిన కణాలను వెనక్కి పట్టి ఉంచుతాయి. ఈ లెక్కన రోగికి సేవ చేసే మనిషి నిద్ర గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి, సాధారణంగా ఎవరూ అడగరు.

దిగులులో సగం తెలియకపోవడం వల్ల పుడుతుంది. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఉంది. 1846లో ఈథర్ మత్తుతో ఆపరేషన్ జనం ముందు చేసి చూపించింది అక్కడే. అదే ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, తోటి డాక్టర్లతో కలిసి 1964లో ఓ ప్రయోగం ప్రకటించాడు. కడుపు ఆపరేషన్లకి వచ్చిన 97 మందిలో కొందరి పక్కన కూర్చుని, రేపు లేచాక ఎక్కడ నొప్పి పుడుతుంది, ఎందుకు పుడుతుంది, కండరాలు వదులు చేసుకోవడం ఎలా, పక్కకి ఒత్తిగిలడం ఎలా అని ముందే చెప్పాడు. మిగిలినవాళ్లకి ఆ పాఠం లేదు. ఎవరికి చెప్పాడో శస్త్రవైద్యులకి తెలియదు. పాఠం విన్నవాళ్లకి మత్తు కలిగించే నొప్పి మందులు దాదాపు సగమే పట్టాయి, సగటున 2.7 రోజులు ముందే ఇంటికి పంపేశారు. ఖర్చు ఎంత? ఓ డాక్టరు కాసేపు కుర్చీలో కూర్చోవడం.

మన పెద్దవాళ్ల విషయంలో ఈ పాఠం తరచూ ఇంగ్లీషులోనే ఆగిపోతుంది. నర్సు వచ్చి సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అంటుంది. అరవై ఏళ్లుగా పోటు, సలుపు, తీపు, మంట, చురుకు, గుంజుడు అని విడివిడిగా చెప్పుకున్న మనిషి ఆ మాటలన్నీ మడిచి ఒక అంకెలో పెట్టాలి. మెల్జాక్ అని ఓ కెనడా శాస్త్రవేత్త 1975లో 78 నొప్పి మాటలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు, నొప్పి ఒక అంకె కాదనే. సలుపు వేరు, పోటు వేరు, డాక్టరుకి ఆ తేడా పనికొస్తుంది. అమెరికాలో ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. ఫోనులోనో వీడియోలోనో తెలుగు దుబాసీ దొరుకుతారు. కొడుకు తర్జుమా చేస్తే నాన్నకి బాగానే ఉందట అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఇక రెండో గడియారం. గాయం గడియారం ఆగమంటుంది, కండ గడియారం ఆగొద్దంటుంది. కోలుకోవడంలో కష్టమంతా ఈ రెండూ ఒకే ఒంట్లో ఉండడమే. 1899లోనే షికాగోలో ఎమిల్ రీస్ అనే డాక్టరు ఆపరేషన్ అయినవాళ్లని తొందరగా లేపి నడిపించమన్నాడు, ఎవరూ వినలేదు. రెండో ప్రపంచయుద్ధంలో మంచాలూ నర్సులూ చాలక లేపాల్సి వచ్చాక గాని, లేచినవాళ్లే బాగుంటున్నారని అందరికీ కనబడలేదు. 1966లో డాలస్‌లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాల పాటు మంచం దిగకుండా ఉంచారు. రోగం ఏమీ లేదు, ఊరికే పడుకోవడమే. వాళ్ల ఒళ్లు ప్రాణవాయువు వాడుకునే గరిష్ఠ శక్తి నాలుగోవంతుకి పైగా పడిపోయింది. ముప్ఫయ్యేళ్ల తరవాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి కొలిస్తే తేలిందేమిటంటే, ముప్ఫయ్యేళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పది రోజులు పడుకుంటే కాళ్లలోంచే కిలోకి దగ్గరగా కండ కరిగిపోతుందని 2007లో ఇంకో అమెరికా అధ్యయనం చెప్పింది. నువ్వు లేవకు నాన్నా, నేను తెస్తాగా అనే కూతురి ప్రేమలో ఎన్ని గ్రాములు కరుగుతాయో!

అలాగని ఇరవై నాలుగ్గంటలూ నడవలేరు. డాక్టరు చెప్పినట్టు గంటకోసారి లేచి హాల్లో నాలుగు అడుగులు, వ్యాయామాలు, ఊపిరి పీల్చే ప్లాస్టిక్ పరికరం అన్నీ కలిపినా రోజులో చాలా భాగం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మామూలుది కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమొతీ విల్సన్ బృందం 2014లో మనుషులను ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే ఆలోచించుకుంటూ కూర్చోమంది. పక్కన ఒక మీట, నొక్కితే కరెంటు షాక్. నొక్కాల్సిన అవసరం లేదు, అంతకుముందు రుచి చూసినవాళ్లే. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఒక్కసారైనా నొక్కుకున్నారు. పదిహేను నిమిషాలకే ఇలా ఉంటే ఆరు వారాల సంగతేమిటి?

ఈ ప్రశ్నని వైద్యంగా మార్చినవాడు డాక్టరు కాదు, ఇళ్ల నమూనాలు గీసే మనిషి. జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్‌కి క్షయ. కొలరాడో చలికి పాదం చెడిపోతే వేళ్లు తీసేశారు. ఆ తరవాత ఎడమ పక్క పడిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేయించుకుంటూ, తన మీద తనే ప్రయోగం మొదలుపెట్టాడు. తోటపని చేశాడు, వడ్రంగం చేశాడు. పనికి రాని చెయ్యి పనిలోనే కదిలింది. 1914లో అక్కడే ఒక ఇల్లు కొని, కోలుకునేవాళ్లకి పనులు నేర్పే చోటుగా మార్చి, కన్సొలేషన్ హౌస్ అని పేరు పెట్టాడు. 1917 మార్చిలో ఆ ఇంట్లో ఆరుగురు కూర్చుని పెట్టిన సంఘమే ఇవాళ్టి అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్‌కి మొదలు. ఆక్యుపేషనల్ థెరపిస్టు వస్తుందనగానే రిటైరై ఇరవయ్యేళ్లయింది, నాకెందుకు అనే పెద్దవాళ్లున్నారు. ఆ మాటలో ఉన్నది ఉద్యోగం కాదు, వ్యాపకం. 1942లో మిజోరీలోని జెఫర్సన్ బ్యారక్స్ సైనిక ఆసుపత్రిలో హోవర్డ్ రస్క్ అనే డాక్టరుకీ ఇదే తట్టింది. మంచాల మీద కప్పు చూస్తూ పడుకున్న సైనికుల కోసం ఆ కప్పుకే చిన్న చిన్న విమానాల బొమ్మలు వేలాడదీయించాడు. ఎలాగూ పైకే చూస్తున్నారు, శత్రు విమానాలు గుర్తుపట్టడమైనా వస్తుందని.

ఏ పనైనా పనికొస్తుందా? మొదటి రెండు మూడు రోజులు మత్తు మందుల వల్ల నాలుగు వాక్యాలు చదివితే మొదటిది మరిచిపోతారు. నవల పట్టుకుని అది సాగక, బుర్ర పోయిందని హడలిపోయేవాళ్లుంటారు. అప్పుడు వినడమే మేలు, ముందే వచ్చిన పాటలైతే మరీ మంచిది. ఆ తరవాత చేతికి పని కావాలి. ఇంతయింది, ఇంకా ఇంత ఉంది అని కంటికి కనబడే పని. ఫోను గీకుతూ కూర్చుంటే పొద్దు పోతుంది గాని ఏదీ పూర్తయినట్టుండదు. మనవైపు ఇలాంటి పనులకి కొదవ లేదు: వత్తులు చేయడం, మల్లెలు దొరక్కపోతే పెరట్లో పూసినవే మాల కట్టడం, గోరుచిక్కుడు ఈనెలు తీయడం, అష్టాచెమ్మా, గళ్లనుడికట్టు. రామకోటి రాసేవాళ్లని చూడండి. నిటారుగా కూర్చోవాలి, వేళ్లు కదలాలి, గడి తరవాత గడి నిండాలి, పేజీ తిప్పితే నిన్నటిది లెక్కకి దొరకాలి. భక్తి సంగతి భక్తులకి వదిలేసినా, బార్టన్ చూస్తే తన జాబితాలో చేర్చుకునేవాడనే నా నమ్మకం.

పెద్దవాళ్లకి వ్యాపకం కాలక్షేపం కంటే పెద్ద విషయం. ఆసుపత్రిలో రాత్రిపూట ఉన్నట్టుండి ఎక్కడున్నారో తెలియక, లేనివాళ్లతో మాట్లాడుతూ, ట్యూబులు పీకేసుకోవడం చూస్తుంటాం. పాతవాళ్లు సంధి అనేవారు. ఇంట్లోవాళ్లు పిచ్చి పట్టిందనో, మతిమరుపు జబ్బు మొదలైందనో కుమిలిపోతారు. షరాన్ ఇనౌయే అనే డాక్టరు యేల్‌లో 70 దాటిన 852 మంది రోగుల మీద, సంధి రాకుండా చూసే ఒక పద్ధతిని పరీక్షించిన అధ్యయనం 1999లో వచ్చింది. వాళ్లు శస్త్రచికిత్స వార్డు వాళ్లు కారు, మామూలు వార్డు వాళ్లు. కానీ ఆ పద్ధతి తరవాత శస్త్రచికిత్స వార్డుల్లోకీ వెళ్లింది. మామూలు వైద్యంలో 15 శాతం మందికి సంధి వస్తే, ఆ పద్ధతిలో 9.9 శాతానికి తగ్గింది. కొత్త మందేమీ లేదు. ఇవాళ ఏ వారం, ఎవరు చూస్తున్నారు అన్నది పలక మీద రాయడం, పేపర్లో సంగతులు మాట్లాడడం, పాత రోజులు గుర్తుచేయడం, మాటల ఆటలు, రోజుకి మూడుసార్లు నడక. రాత్రి నిద్రమాత్ర బదులు వేడి పాలు, నెమ్మదైన సంగీతం, వీపు మీద మర్దన. వీటిని స్వచ్ఛంద కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి నేర్పి, మందులు ఇచ్చినట్టే ఏ పూట ఇచ్చారో, ఏ పూట మానేశారో కాగితం మీద రాయించారు.

ఆ పట్టికలో కళ్లజోడు కూడా ఉంది, వినికిడి యంత్రం కూడా ఉంది. ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు ఆ రెండూ తీయించి ఇంట్లోవాళ్ల చేతికిస్తారు. అవి ఏ సంచీ అడుగునో ఉండిపోతాయి, రెండు రోజుల దాకా ఎవరికీ గుర్తు రాదు. కిటికీ అవతల ఏ మాను ఉన్నా ఆ రెండు రోజులూ అదొక పచ్చటి మసక.